పైపుకు రిబ్బన్ ఎక్కడ కడతాం?

మురుగుకాలువలా మారిన హైదరాబాద్ మూసీ నదిని ఏం చేయాలో అందరూ చెబుతున్నారు. ఏది ముందు, ఏది వెనక అన్నది మాత్రం ఎవరూ తేల్చడం లేదు. నలభై ఏళ్లుగా చాదర్‌ఘాట్‌లో మూసీ గాలి పీలుస్తూ, ఆస్తిపన్ను కూడా కడుతున్నవాణ్ని కాబట్టి ఆ లోటు నేనే తీర్చాలనుకున్నాను. మూడు ఆదివారాలు కూర్చుని ఒక ప్రాధాన్య పట్టిక తయారు చేశాను. ఇందుకు ప్రభుత్వం నాకేమీ ఇవ్వనక్కర్లేదు. కానీ మూసీ ఒడ్డును తీర్చిదిద్దే ప్రాజెక్టు నివేదికకే 141 కోట్ల కాంట్రాక్టు ఇచ్చిన రోజుల్లో ఊరికే చేశానంటే పనితనం మీద అనుమానం వస్తుంది. అందుకని చాయ్ ఖర్చుల కింద రెండు వందల నలభై రూపాయల బిల్లు జత చేశాను.

పట్టికకు ఒక సూత్రం ఉంది. పని ఎంత దూరం నుంచి కనిపిస్తుంది, దాని ముందు ఎంతమంది నిలబడి ఫొటో దిగొచ్చు, వచ్చే ఎన్నికల లోపు రిబ్బన్ కత్తిరించొచ్చా. ఈ మూడింటికీ మార్కులు. వాసన వస్తే కోత. భూమిలోపల ఉంటే సున్నా. ఇది నా బుర్రలో పుట్టిన సూత్రం కాదు. గత ముప్పై ఏళ్ల పనులు చూసి రాసుకున్నదే. నేను అక్షరాల్లో పెట్టానంతే.

ఈ లెక్కన మొదటి స్థానం బోర్డుది. నదికి ముందు బోర్డు కావాలి, బోర్డుకు ఒక సంస్థ, సంస్థకు ఒక లోగో. 2017లో అప్పటి ప్రభుత్వం మూసీ రివర్‌ఫ్రంట్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ పెట్టింది. ప్రభుత్వం మారినా ఆ పేరు మారలేదు. అధికార, ప్రతిపక్షాల మధ్య ఇంత ఏకాభిప్రాయం ఇంకెక్కడైనా చూశారా? అంతకుముందు ఉమ్మడి రాష్ట్రంలో నందనవనం అన్నారు. నది మధ్యలో కాలువ తవ్వి, చుట్టూ పచ్చదనం పెంచుతామన్నారు. వనం సంగతి ఏమోగానీ పేరు ఇంద్రుడి తోటది కాబట్టి దోమలు దేవతల్లాగే అమరులయ్యాయి.

తర్వాత అంకె. ప్రాజెక్టుకు బడ్జెట్ లేకపోయినా ఫర్వాలేదు, అంకె ఉండాలి. 2024లో లక్షన్నర కోట్లు అన్న మాట బయటికొచ్చింది. అంత ఎందుకని ప్రతిపక్షం, అంత అని మేం అనలేదని అధికారపక్షం కొన్ని నెలలు వాదించుకున్నాయి. మా బస్తీలో కూడా చర్చ జరిగింది. లక్షన్నర కోట్లకు ఎన్ని సున్నాలో ఇరానీ హోటల్లో టిష్యూ పేపర్ మీద రాసుకుని చూశాం. పన్నెండు అన్నారు ఒకరు, పదకొండు అన్నారు ఇంకొకరు. పదకొండే అని తేలేసరికి చాయ్ చల్లారిపోయింది. కానీ ఆ గంటసేపు ఎవరికీ మూసీ వాసన గుర్తు రాలేదు. అంకె చేసే మేలు అదే.

మూడో స్థానం విదేశీ పర్యటనలకు. దీనిమీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. నదిని చూడాలంటే మరో నది దగ్గరికి పోవాల్సిందే. 2024 జనవరిలో ముఖ్యమంత్రి లండన్ వెళ్లి థేమ్స్ గురించి తెలుసుకున్నారు. అక్టోబర్‌లో మంత్రులు, అధికారులు, విలేకరులు సియోల్ వెళ్లి చియోంగ్యెచియోన్ వాగు చూశారు. చక్కటి వాగు. ఊరి నడిబొడ్డున ఆరు కిలోమీటర్లకు కాస్త తక్కువ పొడవు పారుతుంది. దానిమీద ఒకప్పుడు ఎలివేటెడ్ రోడ్డు ఉండేది. 2003లో ఆ రోడ్డును కూలగొట్టడం మొదలుపెట్టి, 2005కల్లా వాగును బయటపెట్టారు. అది చూసి వచ్చిన మనకు ఏం అర్థమైందంటే, మూసీ వెంట ఎలివేటెడ్ రోడ్డు ఉంటే బాగుంటుందని. ఈ ఆలోచన మాత్రం వెనకటి ప్రభుత్వానికి సియోల్ పోకుండానే వచ్చింది. మొదట రోడ్డు వేస్తేనే కదా తర్వాత కూలగొట్టగలం! కొరియావాళ్లు వెళ్లిన దారిలోనే మనమూ వెళ్తున్నాం, కాకపోతే ఓ యాభై ఏళ్లు వెనక నడుస్తున్నాం.

థేమ్స్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. అక్కడ విక్టోరియా ఎంబాంక్‌మెంట్ అనే గట్టు ఉంది. దీపస్తంభాలు, చెట్లు, నడిచే దారి, ఫొటోకు భలే ఉంటుంది. నా సూత్రం ప్రకారం నూటికి నూరు. కానీ ఆరా తీస్తే గుండె ఆగినంత పనైంది. 1870లో పూర్తయిన ఆ గట్టు కడుపులో పెద్ద మురుగు సొరంగం ఉందట! బజల్‌గెట్ అనే ఇంజనీరు ఊరి మురుగు నదిలోకి దిగకుండా అడ్డంగా పట్టి దిగువకు మళ్లించాడు. ఆ సొరంగం మీద కప్పు వేసి, దానిమీద తోట పెట్టాడు. అంటే మనవాళ్లు మెచ్చుకున్న రివర్‌ఫ్రంట్ అసలు ఒక డ్రైనేజీ పైపు మూత. ఈ విషయం మన దగ్గర ఎవరూ బయటికి చెప్పలేదు, మంచి పని చేశారు. చెబితే జనం పైపు అడుగుతారు.

బజల్‌గెట్‌కు ఆ డబ్బు ఎలా మంజూరైందో కూడా చెప్పాలి. 1858 ఎండాకాలంలో థేమ్స్ కంపు పార్లమెంటు కిటికీల్లోంచి లోపలికొచ్చింది. బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో ముంచిన కర్టెన్లు కట్టినా ఆగలేదు. సభ్యులు ముక్కులు మూసుకుని కొన్ని వారాల్లోనే చట్టం చేసేశారు. మన పెద్దలు ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టినట్టున్నారు. అసెంబ్లీ నాంపల్లిలో క్షేమంగా ఉంది. మూసీ ఒడ్డున ఉన్న హైకోర్టుకు రాజేంద్రనగర్‌లో, ఉస్మానియా ఆసుపత్రికి గోషామహల్‌లో కొత్త భవనాలని శంకుస్థాపనలు అయ్యాయి. ముక్కు ఉన్న సంస్థలన్నీ ఒక్కొక్కటే సర్దుకుంటున్నాయి. మిగిలేది మేం, సాలార్‌జంగ్ మ్యూజియంలోని బొమ్మలు. బొమ్మలు ఫిర్యాదు చేయవు. మేం చేస్తాం, కానీ బొమ్మలను చూడడానికి టికెట్ కొంటారు.

ఇక చరిత్రలో జరిగిన ఒక పెద్ద పొరపాటు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమందిని మింగింది. ఆ రోజు సరిగ్గా పనిచేసిన ప్రజా సదుపాయం ఒకటే, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు. నూట యాభై మంది దాకా దానిమీదికెక్కి బతికారంటారు. దానికి శంకుస్థాపన జరగలేదు, శిలాఫలకమూ లేదు. మరుసటి ఏడాది నిజాం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించాడు. అంత పేరున్న ఇంజనీరు ఏం చేయాలి? నయాపూల్ దగ్గర ఒక పెద్ద కమాను కట్టి, దీపాలు పెట్టాలి కదా! ఆయన ఊరు వదిలి పైకి పోయాడు. చెరువులు లెక్కపెట్టాడు. మూసీ పరివాహకంలో 788 చెరువులుంటే 221 తెగాయని తేల్చాడు. వరద ఊళ్లోకి వచ్చాక ఆపలేమని, ఊరికి పైనే పట్టుకోవాలని చెప్పి, ఎవరికీ కనబడనంత దూరంలో రెండు జలాశయాలు పెట్టమన్నాడు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఊరికి భూగర్భ డ్రైనేజీ పథకం కూడా ఆయనే గీశాడు. తోటలూ గట్లూ ఆ ఆలోచనలోనే ఉన్నాయి కానీ, వాటికోసం ఆనకట్టను ఆపలేదు.

నా సూత్రంతో మార్కులు వేస్తే విశ్వేశ్వరయ్య ఫెయిల్. దూరం నుంచి కనబడదు, రిబ్బన్‌కు పదేళ్లు పైన, సగం పని మట్టిలోపల. ఇవాళైతే ఆయనకు టెండర్ వచ్చేది కాదు. అయినా ఆయన పుణ్యాన వందేళ్లు ఈ ఊరు నీళ్లు తాగింది. అది యాదృచ్ఛికమని నా నమ్మకం.

మురుగు శుద్ధి కేంద్రాల విషయంలో మాత్రం నా పట్టికకు చిన్న చిక్కు వచ్చింది. నగరానికి 31 కొత్త కేంద్రాలని, 3,866 కోట్లని కిందటి ప్రభుత్వం మంజూరు చేసింది. కొన్ని పూర్తయ్యాయి, కొన్ని ప్రారంభమయ్యాయి. మురుగు పనికి ఇంత ప్రాధాన్యం ఎలా దక్కిందా అని తల గోక్కున్నాను. తర్వాత వెలిగింది. కేంద్రానికి గేటు ఉంటుంది! గేటుకు రిబ్బన్ కట్టొచ్చు. ఆ కేంద్రం దాకా మురుగును మోసుకొచ్చే పైపుకు గేటు ఉండదు. వాననీళ్లకు, మురుగుకు ఒకే నాలా ఉన్నంతకాలం గట్టి వాన పడ్డ రోజు రెండూ కలిసి కేంద్రాన్ని పలకరించకుండా తిన్నగా నదిలోకి పోతాయి. మా నాలా అయితే ఆషాఢం నుంచి కార్తీకం దాకా అదే పని.

రంగు డబ్బా గురించి ఎక్కువ చెప్పను. 2024లో నది ఒడ్డు ఇళ్ల గోడల మీద తీసేయాల్సినవని గుర్తుగా ఎర్ర రంగుతో ఆర్‌బి-ఎక్స్ అని రాశారు. రెండక్షరాలు, ఒక గీత, ఒక ఇంటూ గుర్తు. మూసీ పనుల్లో ఇంత వేగంగా, ఇంత తక్కువ ఖర్చుతో అయిన పని ఇంకోటి లేదు. కొంతమంది మలక్‌పేటలో డబుల్ బెడ్రూం ఇళ్లకు వెళ్లారు, కొంతమంది గోడ మీద అక్షరాలు చెరిపి కూర్చున్నారు. నదికి అడ్డంగా ఉన్నవి తీయాల్సిందే, వరద మాట వినదు. కాకపోతే ఇమ్లీబన్‌లో సరిగ్గా నది ఒళ్లో కూర్చున్న ఎంజీబీఎస్ బస్టాండ్ గోడ మీద ఆ రంగు కనబడలేదు. డబ్బాలో అయిపోయి ఉంటుంది.

ఆ బస్టాండ్‌కు 2025 సెప్టెంబర్ 26 రాత్రి నదే నేరుగా వచ్చింది. జంట జలాశయాల గేట్లెత్తారు, ఎంజీబీఎస్ ప్లాట్‌ఫామ్‌ల మీదికి నీళ్లొచ్చాయి, ప్రయాణికులు చిక్కుకుపోయారు, బస్సులు వేరేచోటి నుంచి నడిపారు. 1908 వరద తేదీకి రెండు రోజులు ముందే. మూసారాంబాగ్‌లో వంతెన మునిగింది, పక్కన కడుతున్న కొత్త వంతెన సామాను కొట్టుకుపోయింది. మా చాదర్‌ఘాట్ చిన్న వంతెన గురించి అడగకండి. హిమాయత్‌సాగర్ మట్టం 1763 అడుగులు దాటిందని ఫోన్లో చూస్తే చాలు, మా ఆవిడ బియ్యం డబ్బా మంచమెక్కిస్తుంది. ఈ లోయలో ముందస్తు హెచ్చరిక వ్యవస్థ అదొక్కటే పక్కాగా నడుస్తోంది.

పట్టిక పూర్తి చేసి మా పక్కింటి పెద్దాయనకు చూపించాను. పైపుల పనిలో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాడు. కళ్లద్దాలు పెట్టుకుని పై నుంచి కిందికి చదివాడు.

"పైపు ఏడుందిరా?"

"చివర్లో ఉంది మామా. ముప్పై ఏడో నెంబరు. ఇతర అంశాలు అని రాసిన."

"ముందు అది కదా ఉండాల్సింది. పైపు లేకపోతే నువ్ రాసిన ఈ బోటింగ్ ఎందులో చేస్తరు?"

"సూత్రానికి పట్టట్లేదు మామా. పైపుకు రిబ్బన్ ఎక్కడ కడతాం? మంత్రిగారొచ్చి మ్యాన్‌హోల్ మూత ఎత్తుతారా?"

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, "ఎత్తితే బాగుండు" అన్నాడు. పెద్దవాళ్లకు ప్రోటోకాల్ తెలియదు.

కానీ ఆయన మాట నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. తెల్లారేసరికి పరిష్కారం దొరికింది. పైపును గాజుతో కడదాం. అఫ్జల్‌గంజ్ నుంచి అంబర్‌పేట శుద్ధి కేంద్రం దాకా, నేల మీదే, నది పక్కనే. లోపల రంగురంగుల లైట్లు. పక్కన సెల్ఫీ పాయింట్లు. దూరం నుంచి కనిపిస్తుంది, జనం నిలబడొచ్చు, ఎక్కడ కావాలంటే అక్కడ రిబ్బన్ కట్టొచ్చు. మార్కులు వేసి చూస్తే పైపు ముప్పై ఏడు నుంచి ఎగిరి నాలుగో స్థానానికొచ్చింది. పొద్దున్నే పరుగెత్తి మామకు చెప్పాను.

"గాజు పైపంటే లోపల ఏం పోతుందో అందరికీ కనబడతది కదరా" అన్నాడు.

నిజమే, ఆ ఒక్క ఇబ్బంది ఉంది. ప్రారంభోత్సవం రోజు వరకు పైపు పొడవునా కర్టెన్ కట్టాలని వినతిపత్రంలో ఇంకో పేరా చేర్చాను. బ్లీచింగ్ పౌడర్ ఖర్చు వేరే.