అనువర్తనాల నుంచి విద్యార్థులను కాపాడండి

కళాశాలల్లో ఒక కోర్సు ఉంది. దాని పేరు లీనియర్ ఆల్జీబ్రా, అంటే అనేక సరళ సమీకరణాలను కలిపి సాధించే గణితం. కొన్ని సిలబస్సుల్లో దాని పక్కన 'దాని అనువర్తనాలు', అంటే నిజజీవితంలో దాని ఉపయోగాలు, అని కూడా చేర్చారు. ఆ చేర్చిన ముక్కను కూడా పాఠం చెప్పాలని ఈమధ్య కొందరు గొడవ చేస్తున్నారు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల విద్యారంగం పచ్చగా ఉండాలని కోరుకునేవాడిగా ఈ ధోరణిని ఖండించడం నా విధి. పెళ్లి పత్రికలో 'బంధుమిత్రుల అభినందనలతో' అని అచ్చు వేస్తారు. అలాగని బంధువులందరినీ అడిగే వేశారా?

ఇప్పుడున్న పద్ధతిలో లోపమేముందో నాకు అర్థం కాదు. పిల్లవాడికి ఒక మాత్రిక, అంటే అంకెల పట్టిక, ఇస్తారు. మూడు వరుసలు, మూడు నిలువులు, అన్నీ చిన్న చిన్న పూర్ణాంకాలు. దాని ఐగెన్ విలువలు (ఆ మాత్రిక కొన్ని దిశలను ఎన్ని రెట్లు సాగదీస్తుందో చెప్పే సంఖ్యలు) కట్టుబాటు తెలిసిన పిల్లల్లా 1, 2, 3 అని వస్తాయి. దశాంశాలు వచ్చాయంటే తప్పు చేశాడనే లెక్క. బయటి ప్రపంచంలో ఇంత మర్యాదగల మాత్రిక జన్మలో ఎదురుపడదు. పడదు కాబట్టే దాన్ని ఇంత జాగ్రత్తగా తరగతి గదిలో పెంచుతున్నాం.

ప్రతి చదరపు మాత్రికా తన ఐగెన్ విలువలనిచ్చే సమీకరణాన్ని తానే తృప్తిపరుస్తుందని చెప్పే కేలీ-హామిల్టన్ సిద్ధాంతం సంగతే చూడండి. కేలీ 1858లో దాన్ని ప్రకటించినప్పుడు రెండు వరుసల మాత్రికకు చేసి చూపాడు. మూడు వరుసలకూ సరిచూశానన్నాడు. అన్ని మాత్రికలకూ వర్తించే రుజువు కోసం శ్రమపడటం అవసరం అనిపించలేదని నిజాయితీగా రాసుకున్నాడు. ఆ శ్రమేదో 1878లో ఫ్రొబీనియస్ పడ్డాడు. ఇతర దేశాల వాళ్లు వ్యవహారం అంతటితో తేలిపోయిందనుకున్నారు. మనం అంత తొందరపడలేదు. ఏటా మొదటి సెమిస్టరులో 'సరిచూడుము, తద్వారా విలోమాన్ని కనుగొనుము' (విలోమం అంటే మాత్రిక చేసిన పనిని వెనక్కి తిప్పే మాత్రిక) అని పది మార్కులు కేటాయించి, వేలాది మంది చేత ఆ సిద్ధాంతాన్ని తనిఖీ చేయిస్తున్నాం. నిరుడు నిజమైనది ఈ ఏడు కూడా నిజమేనని నమ్మకమేమిటి? ఇంతవరకు అది చెడిపోలేదంటే మన పిల్లల కాపలా వల్లేనని నా గట్టి నమ్మకం.

నిర్ధారకం, అంటే మాత్రిక నుంచి లెక్కగట్టే డిటర్మినెంట్ అనే సంఖ్య, విషయంలోనూ అంతే. అడ్డు వరుస వెంట విస్తరించే పద్ధతి మన సంస్కృతిలో భాగమైపోయింది. 20 వరుసల నిర్ధారకాన్ని ఆ పద్ధతిలో, సెకనుకు ఒక గుణకారం చొప్పున, తిండీ నిద్రా మానేసి చేస్తే ఎంత లేదన్నా 7,700 కోట్ల సంవత్సరాలు పడుతుంది. విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల సంవత్సరాలే. అదే గాస్ విలోపన పద్ధతిలో సున్నాలు చేసుకుంటూ పోతే దాదాపు 2,700 గుణకారాలు, అంటే ముక్కాలు గంట. యువతను సుదీర్ఘకాలం పనిలో ఉంచగల పద్ధతి ఏదో నేను విడమరిచి చెప్పనక్కరలేదు.

ఇక అనువర్తనాలు చెబితే వచ్చే ప్రమాదం ఎంతటిదో తెలియాలంటే ఏ బుచ్చిరెడ్డిపాళెంలోనో ఎరువుల కొట్టు ముందు కాసేపు నిలబడితే చాలు. డీఏపీ బస్తా మీద 18-46-0 అని ఉంటుంది. నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలవి. యూరియా 46-0-0. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 0-0-60. అంటే బస్తా బస్తాకూ ఒక సదిశను (వరుసగా పేర్చిన అంకెల జాబితాను, వెక్టర్‌ను) అచ్చు వేసి, కుట్టి, లారీల మీద ఊరూరా పంచుతున్నారు. ఏ విద్యా మండలి అనుమతి తీసుకున్నారో తెలియదు.

రైతు చీటీలో ఎకరాకు నత్రజని 48, భాస్వరం 24, పొటాష్ 16 కిలోలని ఉందనుకుందాం. మూడు సమీకరణాలు, తెలియని రాశులు మూడు. కళాశాలలో ఇది అరగంట ప్రశ్న. కొట్టు యజమాని చెవిసందున ఉన్న పెన్ను తీసి, బిల్లు పుస్తకం అట్ట మీద మొదట పొటాష్ తేలుస్తాడు, ఎందుకంటే అది ఒక్క బస్తాలోనే ఉంది. 16ని 0.6తో భాగిస్తే 27 కిలోలు, అర బస్తా పైచిలుకు. తర్వాత భాస్వరం. అది డీఏపీలోనే ఉంది కాబట్టి 52 కిలోలు, అంటే ఒక బస్తా అనుకోవచ్చు. డీఏపీతో పాటు తొమ్మిది కిలోల నత్రజని ఎలాగూ వచ్చింది. మిగతా 39 కిలోల నత్రజనికి యూరియా 84 కిలోలు, అంటే 45 కిలోల బస్తాలు రెండుకు కాస్త తక్కువ. "రెండు తీసుకుపో అన్నా, మిగిలింది నారుమడికి పనికొస్తుంది" అని చీటీ చింపి ఇస్తాడు. ఒకటి తేల్చి, దాన్ని ఆధారం చేసుకుని రెండోది తేల్చే ఈ పనిని మేము ఎచెలాన్ రూపం, తిరోగమన ప్రతిక్షేపణ అనే గంభీరమైన పేర్లతో బోధిస్తున్నాం. ఆయన పేరేమీ పెట్టకుండా, హాజరు వేసుకోకుండా, ఫీజు తీసుకోకుండా చేసేస్తున్నాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. డీఏపీ స్టాకు లేదు, 17-17-17 ఉందన్నారనుకోండి. భాస్వరం 24 కిలోలు రావాలంటే అది 141 కిలోలు కావాలి. దాంతో పొటాష్ కూడా 24 కిలోలు వచ్చిపడుతుంది. కావలసింది 16. సమీకరణాన్ని నమ్ముకున్నవాడికి జవాబు ఖచ్చితంగా వస్తుంది. పొటాష్ ఎరువు మైనస్ 13 కిలోలు వేయాలి! అంటే పొలంలోంచి 13 కిలోలు ఏరి తెచ్చి కొట్టులో అప్పజెప్పాలి. పరీక్షలో ఈ జవాబుకు పూర్తి మార్కులు పడతాయి. కొట్టు యజమాని మాత్రం "ఇది కుదరదు, పొటాష్ లేని 20-20 ఎరువు చూద్దాం" అంటాడు. గణితం ఒప్పుకున్న సాధనను పొలం ఒప్పుకోకపోవచ్చునన్న విషయం పద్దెనిమిదేళ్ల పిల్లలకు తెలిస్తే వాళ్లు ఇంకేమేమి అడుగుతారో ఊహించండి.

ఊహించనక్కరలేదు, నేనే చెబుతాను. యూరియా కొరతగా ఉన్న రోజుల్లో బస్తా కావాలంటే పక్కన ద్రవ యూరియా సీసా కూడా కొనాల్సిందేనని లింకు పెట్టడం కొన్నిచోట్ల ఆచారం. రైతు గొణుక్కుంటూ కొంటాడు. ఆయన కూతురు మొదటి సెమిస్టరు శ్రద్ధగా చదివిందనుకోండి. "ఈ సీసాలో ఉన్నదీ నత్రజనే, ఆ బస్తాలో ఉన్నదీ నత్రజనే. ఇవి రెండూ పరస్పరం ఆధారితాలు, కొత్త దిశేమీ రాదు, సీసా మీరే ఉంచుకోండి" అంటుంది. ఆధారిత సదిశల నిర్వచనాన్ని బట్టీ పట్టించి వదిలేయడం ఎంత దూరదృష్టితో కూడిన నిర్ణయమో ఇప్పుడైనా గ్రహించాలి.

న్యాయవాదుల పొట్ట కొట్టే అనువర్తనం ఇంకొకటి. గట్టును రెండు ముక్కలుగా కొలిస్తే 60.3 మీటర్లు, 40.3 మీటర్లు వచ్చాయి. మొత్తం ఒకేసారి కొలిస్తే 100. ఈ 0.6 మీటర్ల తేడా మీద మన దగ్గర తాతలు దావా వేస్తే మనవళ్లు వాయిదాలకు తిరుగుతారు. సర్దుబాట్ల వర్గాల మొత్తం అతి తక్కువయ్యేలా చూసే కనిష్ఠ వర్గాల పద్ధతి మాత్రం మూడు కొలతల మీదా 0.2 చొప్పున సర్ది 60.1, 40.1 అని క్షణంలో తేల్చేస్తుంది. ఇరువర్గాలూ టీ తాగి ఇంటికి పోతాయి. కావలి కోర్టు బయట జెరాక్సు, టైపింగు, స్టాంపుల మీద బతికే కుటుంబాల గురించి ఆ పద్ధతి కనిపెట్టినవాళ్లు ఆలోచించారా? కనిపెట్టింది ఎవరన్నదే ఒక గట్టు తగాదా. లెజాండ్రు 1805లో అచ్చు వేశాడు. గాస్ 1809లో అచ్చు వేసి, నేను ఎప్పటినుంచో వాడుతున్నానన్నాడు. అలాంటి తగాదాకు కనిష్ఠ వర్గాలు కూడా పనిచేయలేదు.

గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు ప్రస్తావన కూడా సిలబస్సులోకి రానివ్వకూడదు. నిర్ధారకం సున్నా అయితే 'విలోమం లేదు' అని రాసి అడిషనల్ షీటు ఆదా చేయడం మన సంప్రదాయం. ఆయన మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే గణితం చదివి, అలాంటి మాత్రికలకు కూడా పనికివచ్చే సాధారణీకృత విలోమం మీద పనిచేశాడు. పిల్లలకు దురాశ కలుగుతుంది. గూగుల్ సంగతీ చెప్పవద్దు. 1998లో బ్రిన్, పేజ్ వెబ్ పేజీలకు ర్యాంకులిచ్చింది ఒక బ్రహ్మాండమైన మాత్రిక ఐగెన్ సదిశతోనే. పరీక్ష ముందురోజు రాత్రి 'ఐగెన్ సదిశలు ముఖ్యమైన ప్రశ్నలు' అని అందులోనే వెతికే విద్యార్థికి ఈ సంగతి తెలిస్తే చదువు మీద ధ్యాస తప్పుతుంది.

అయినా ఒత్తిడి పెరుగుతోంది కాబట్టి మధ్యేమార్గం సూచిస్తున్నాను. అనువర్తనాలను సిలబస్సులో పెట్టండి, ఐదో యూనిట్‌లో, సెలవులు ఎక్కువగా వచ్చే వారాల్లో. ప్రశ్నపత్రంలో 'లీనియర్ ఆల్జీబ్రా అనువర్తనాలు ఏవైనా ఐదు రాయుము' అని ఐదు మార్కులకు ఇవ్వండి. సాయంత్రానికల్లా ఒంగోలులో, నెల్లూరులో కళాశాలల ఎదుటి జెరాక్సు షాపుల్లో జవాబు దొరుకుతుంది: ఒకటి, ఇంజనీరింగులో ఉపయోగపడును. రెండు, సైన్సులో ఉపయోగపడును. మూడు, కంప్యూటర్లలో ఉపయోగపడును. నాలుగు, వ్యవసాయంలో ఉపయోగపడును. ఐదు, మొదలగునవి.