రంగు చేప తట్టుకోవాలంటే మేత మారాలి

గోదావరి డెల్టాలో రంగు చేపల పెంపకానికి ఇచ్చే రాయితీల గురించి మాట్లాడుకున్నంతగా, ఆ చేప తొట్టి దాటి కొనుగోలుదారు చేతికి చేరేలోపు పడే యాతన గురించి మాట్లాడుకోవడం లేదు. వలతో పట్టి, సైజుల వారీగా ఏరి, పస్తు పెట్టి, ఆక్సిజన్ నింపిన సంచిలో గంటల తరబడి ప్రయాణం చేయిస్తే చేప ఒంట్లో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ పెరుగుతుంది. ఆ స్థితి చాలాసేపు కొనసాగితే రోగనిరోధక శక్తి తగ్గి, నీటిలో ఎప్పుడూ ఉండే ఏరోమోనాస్ బ్యాక్టీరియాయే ప్రాణం తీస్తుంది. రంగు చేప బతికి ఉంటేనే, రంగు నిలిస్తేనే ధర.

పసుపు, వెల్లుల్లి కలిపిన మేత చేపల్లో యాంటీఆక్సిడెంట్ ఎంజైములను పెంచుతుందని, ఒత్తిడిని తట్టుకునే శక్తినిస్తుందని పలు జాతులపై జరిగిన ప్రయోగాలు చూపాయి. నన్ను మరింత ఆకట్టుకున్నది బంతిపువ్వు. రంగునిచ్చే కెరోటినాయిడ్లను చేప సొంతంగా తయారు చేసుకోలేదు, మేత నుంచే పొందాలి. బంతి రేకుల్లో అవి దండిగా ఉన్నాయి, గోల్డ్‌ఫిష్ రంగుకూ పనికొస్తాయి. కడియపులంక పూల మార్కెట్ పక్కనే ఉండగా, పురుగుమందు కొట్టని తోటల్లో అమ్ముడుపోని పూలను నీడలో ఎండబెట్టి మేతలో కలపడానికి మనకు అడ్డేమిటి?

నీరు బాగుంటే చాలు, ఆకులూ పూలూ దేనికన్నది కొందరి వాదన. అమోనియా నిండిన తొట్టిని ఏ మూలికా బాగుచేయలేదన్నది నిజమే. మోతాదు మించితే మొక్కల్లోని టానిన్లు, సపోనిన్లు అనే రసాయనాలు చేప ఎదుగుదలనే దెబ్బతీస్తాయి. అయినా మంచి నీటిలో పెరిగిన చేపకూ ప్రయాణం తప్పదు కదా.

అసలు ప్రమాదం వేరే చోట ఉంది. 1990లలో తెల్లమచ్చ తెగులుతో టైగర్ రొయ్య నష్టపోయినప్పటి నుంచీ మన రైతు అరువిచ్చే మందుల దుకాణం మాటమీదే నడుస్తున్నాడు. మొక్క పేరు, మోతాదు లేని ‘హెర్బల్’ పొడి రంగు చేపల తొట్లలోకి కూడా అదే దారిన వస్తే, నిషిద్ధ యాంటీబయాటిక్ అందులో కలిసినా తెలుసుకునే మార్గం ఉండదు. ఏ మొక్క, ఏ భాగం, కిలో మేతకు ఎన్ని గ్రాములు అన్నది సంచిపై రాయడం తప్పనిసరి చేయాలి. పశ్చిమ గోదావరి జిల్లా ఉండిలోని మత్స్య పరిశోధన కేంద్రం ఆ లెక్కలను రైతుల తొట్లలోనే తేల్చాలి. ఒకే ఈడు చేప పిల్లలను రెండు తొట్లలో వేసి, ఒకదానికి మూడు వారాలు ఈ మొక్కలు కలిపిన మేత, రెండోదానికి మామూలు మేత పెట్టి, ఒకే బండిలో పంపి, దిగినచోట సంచుల్లో చచ్చిన చేపలను రైతు ఎదుటే లెక్కించాలి.