సవరణ: టైరు వేడి కొలవడానికి ఏది కొనాలి

ట్రాక్ డేలకి (సొంత బండిని రేసు ట్రాక్ మీద నడుపుకునే రోజులు) కొత్తగా వెళ్లేవాళ్లకి, తాకకుండా దూరం నుంచే వేడి కొలిచే చవక ఇన్‌ఫ్రారెడ్ గన్ చాలు, టైరులోకి సూది గుచ్చి వేడి కొలిచే పైరోమీటర్ దండగ అని పోయినవారం రాశాను. అది తప్పు.

గన్ చూసేది రబ్బరు పైపొరనే. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో ఆఖరి ల్యాప్ నెమ్మదిగా తిరిగి పిట్‌లో ఆగేసరికి ఆ పొర చల్లారిపోతుంది, లోపలి రబ్బరు మాత్రం ఇంకా కాగుతూనే ఉంటుంది. టైరులో గాలి, క్యాంబర్ (చక్రం లోపలికో బయటికో వాలే కోణం) సరిచూసుకోవడానికి కావలసింది ఆ లోపలి వేడే. సూదిని ట్రెడ్‌లోకి, అంటే నేలని తాకే రబ్బరులోకి, రెండు మూడు మిల్లీమీటర్లు దింపి, అంకె కుదురుకున్నాక చదవాలి. పైరోమీటర్‌తో వచ్చే కాగితాల్లోనూ, రేసు టైర్ల సెటప్ గైడుల్లోనూ ఉన్నది ఇదే. నేను అవి తిరగేయకుండా రాసేశాను.

గన్ వేసే ఎర్ర చుక్క పడ్డచోటే అది కొలుస్తుందని కూడా అన్నాను. అదీ కాదు. 12:1 గన్‌ని (దూరానికీ, కొలిచే వృత్తం వెడల్పుకీ ఉన్న నిష్పత్తి అది) 12 అంగుళాల దూరంలో పట్టుకుంటే అంగుళం వెడల్పు వృత్తం సగటు చూపిస్తుంది. నడుం వంచడానికి బద్ధకించి మూడడుగుల నుంచి నొక్కితే అది మూడంగుళాలు. ఇక లోపలి అంచు ఏదో, మధ్య ఏదో!

లోపలి అంచు, మధ్య, బయటి అంచు మూడుచోట్లా కొలవమన్న మాట అలాగే ఉంది. రెండు అంచులకన్నా మధ్య వేడిగా ఉంటే గాలి ఎక్కువైనట్టు.

ఇప్పటికే గన్ కొన్నవాళ్లు పారేయక్కర్లేదు. ఎండపడ్డ వైపు టైర్లు బయల్దేరకముందే ఎంత కాలాయో చూసుకోవడానికి పనికొస్తుంది.