బయటికి నెట్టేస్తే బాధ్యత తీరిపోతుందా?

శనివారం ఏడుకొండలవాడి వారం. తిరుపతిలో ఆ రోజుకు కొన్నేళ్లుగా వీకెండ్ అనే రెండో హోదా కూడా వచ్చింది. చెన్నై, బెంగళూరు బస్సులు యాత్రికులతో నిండి దిగే రాత్రే బార్లలోనూ టేబుల్ దొరకదు. పదకొండు దాటాక రైల్వే స్టేషన్ ఎదుట విష్ణు నివాసం దగ్గర, నిద్రపోయిన పిల్లల్ని భుజాన వేసుకుని గది కోసం తిరిగే కుటుంబాలు ఉంటాయి. అదే వేళకు బార్ మెట్లు దిగి బండి తాళం ఏ జేబులో పెట్టామో వెతుక్కునే కుర్రాళ్లూ ఉంటారు. వాళ్లకూ వీళ్లకూ ఉన్నది ఒకటే రోడ్డు.

తిరుపతిలో నైట్‌క్లబ్బులెక్కడివని తేలిగ్గా తీసేసేవాళ్లున్నారు. నిజమే, బోర్డుల మీద ఆ మాట కనపడదు. ‘బార్ అండ్ రెస్టారెంట్’ అనే ఉంటుంది. కానీ లోపల డీజే పెట్టి, లైట్లు తగ్గించి, గుమ్మం దగ్గర నల్ల టీషర్టుల్లో కండలు తిరిగిన ఇద్దరు బౌన్సర్లను నిలబెట్టాక పేరు ఏదైతేనేం? విశ్వవిద్యాలయాలు, మెడికల్ కాలేజీ, ఐఐటీ, ఐజర్ ఉన్న చోటికి చదువుకూ ఉద్యోగానికీ వచ్చే యువత పెరిగింది. వాళ్ల సాయంత్రాల కోసం వ్యాపారం పెరిగింది. ఇది మంచా చెడా అనే తగాదాలోకి మేము దిగడం లేదు. మా ఆందోళన అంతా ఆ గుమ్మం గురించే.

వారాంతపు గొడవలు ఎలా నడుస్తాయో పోలీసులకూ, బార్ యజమానులకూ, రాత్రిపూట టిఫిన్ బండ్లు పెట్టుకునేవాళ్లకూ బాగా తెలుసు. లోపల భుజం తగిలిందనో, పాట మార్చలేదనో, ఎవరో ఎవరి వైపో చూశారనో మాట పెరుగుతుంది. బౌన్సర్ వచ్చి రెండు గుంపుల్నీ కాలర్ పట్టి బయటికి తోసి తలుపు వేస్తాడు. బార్ లెక్కలో అక్కడితో గొడవ ముగిసింది. నిజానికి మొదలయ్యేది అప్పుడే. ఫోన్లు మోగుతాయి, బైకుల మీద ఫ్రెండ్స్ దిగుతారు. అసలు గొడవతో సంబంధమే లేని టిఫిన్ బండి ముందు సోడా సీసాలు పగులుతాయి. పోలీసులొచ్చి అడిగితే యజమాని చెప్పే జవాబు అన్ని చోట్లా ఒకటే: ‘మా దగ్గర కాదు సార్, బయట జరిగింది.’

అతను చెప్పేది అబద్ధం కాదు, అసలు లొసుగే అది. తాగించింది లోపల, డబ్బు తీసుకున్నది లోపల, రెచ్చిపోయింది లోపల. గడప దాటించగానే మనిషి బార్ కస్టమర్ కాకుండా పోయి ఊరి బాధ్యత అయిపోతున్నాడు. ఎస్సైకి ఫోన్, రుయా ఆస్పత్రి క్యాజువాలిటీకి కేసు, తెల్లారాక ఊడ్చేందుకు నగరపాలక సిబ్బందికి గాజు పెంకులు. లాభం ఒకరిది, పారబోత అందరిదీ.

గుమ్మం దగ్గర నిలబడ్డవాడిని రౌడీగా చూడటం సులువు. కొందరు అలాగే ప్రవర్తిస్తారు కూడా, వెనకేసుకు రావాల్సిన పని లేదు. కానీ చాలామంది జిమ్‌లో పరిచయమైన అన్న పిలిస్తే వచ్చిన కుర్రాళ్లు. అపాయింట్‌మెంట్ కాగితం ఉండదు, పీఎఫ్ ఉండదు, ఈఎస్ఐ ఉండదు, రాత్రికింత అని చేతిలో పెడతారు. కస్టమర్ పన్ను ఊడితే కేసు వీడి మీద, వీడి పన్ను ఊడితే ఖర్చు వీడి జేబులోంచి. పైగా రాత్రికి పదిసార్లు ‘నేనెవరో తెలుసా?’ అనే ప్రశ్న వినాలి. సిఫారసు లేఖ ఉంటే దర్శనం దగ్గరపడే ఊరు కదా మనది, బార్ గుమ్మం దగ్గర కూడా ఫలానా నాయకుడి మనిషినంటే పని జరగాలని జనం అనుకోవడంలో వింతేముంది? లోపలికి రానివ్వకపోతే యజమానికి ఫోన్ వెళ్తుంది, రానిస్తే గలాటా అవుతుంది. రెండు రకాలుగానూ మాట పడేది గుమ్మం దగ్గరివాడే.

చట్టం లేదా అంటే ఉంది. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం 2005లోనే వచ్చింది. లైసెన్సు లేకుండా ఏజెన్సీ నడిపితే ఏడాది వరకు జైలు, 25,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. గార్డుగా పెట్టుకునే మనిషి నడవడి, పాత కేసులు విచారించాలి, శిక్షణ ఇవ్వాలి, ఫొటోతో గుర్తింపు కార్డు ఇవ్వాలి. కేంద్రం 2006లో ఇచ్చిన నమూనా నిబంధనలు ఆ శిక్షణను 100 గంటల తరగతి, 60 గంటల ఫీల్డ్ పనిగా లెక్కకట్టాయి. చదవడానికి బాగానే ఉంది. అయితే ఈ చట్టం పట్టుకునేది ఏజెన్సీలను. బార్ యజమాని తెలిసినవాడి తమ్ముడిని నేరుగా తెచ్చి గుమ్మం దగ్గర నిలబెట్టుకుంటే ఇందులో చాలా భాగం వాడి దాకా రాదు. ఏటీఎం ముందు కుర్చీలో కూర్చునే పెద్దాయనకు ఉన్న కాగితాలు, రాత్రంతా తాగినవాళ్లతో తోపులాటలో ఉండేవాడికి ఉండవు.

బౌన్సర్‌కు ఉన్న అధికారం కూడా చాలామంది అనుకునేదానికంటే తక్కువ. అతను పోలీసు కాదు. జేబులు తడమాలంటే వచ్చినవాళ్లు ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే లోపలికి రావద్దనడం వరకే అతని హక్కు. తన కళ్లెదుట తీవ్రమైన నేరం జరిగితే ఏ పౌరుడైనా చేసినట్టే మనిషిని పట్టుకోవచ్చు. కానీ భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ ప్రకారం ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. వెనక గదిలోకి తీసుకెళ్లి నాలుగు తగిలించడం ఏ సెక్షన్‌లోనూ లేదు. ఈ సంగతులు అతనికి ఎవరు చెప్పారు? చెప్పకుండా కండలు మాత్రమే చూసి పెట్టుకున్నాక అతను కండలే వాడతాడు.

నిజానికి ఇది కండల పని కాదు, కళ్లూ నోరూ బాగా పనిచేయాల్సిన పని. ముందే తాగి వచ్చినవాణ్ని మెట్ల దగ్గరే గుర్తుపట్టి, పదిమందిలో పరువు తీయకుండా ‘రేపు రా అన్నా’ అని వెనక్కి పంపగలగాలి. మన రాష్ట్రంలో మద్యానికి కనీస వయసు 21. ఇంటర్ కుర్రాడి చేతిలోని అన్న ఆధార్ కార్డును పట్టుకోగలగాలి. రెండు గుంపులకు గొడవైతే ఇద్దరినీ ఒకే తలుపులోంచి ఒకే నిమిషంలో తోయకూడదు. ఒక గుంపును బండెక్కించాకే రెండోదాన్ని కదిలించాలి. మూసే వేళ అందరినీ ఒక్కసారి రోడ్డు మీదికి తోలకూడదు. ముందు పాట తగ్గాలి, లైట్లు వెలగాలి, చివరి ఆర్డర్ ఆగాలి, కింద ఆటోలు సిద్ధంగా ఉండాలి. ఆడపిల్లలు వచ్చే చోట గుమ్మం దగ్గర ఆడమనిషి ఉండాలి. పది పన్నెండు గంటలు నిలబడి ఇదంతా చేయడానికి ఓపిక, నేర్పు కావాలి. వాటికి తగ్గ జీతం కూడా కావాలి.

ఇంగ్లండ్‌లో ఈ గొడవలన్నీ మనకంటే ముందే చూసి 2001లో చట్టం చేసుకున్నారు. 2003లో దానికోసం సెక్యూరిటీ ఇండస్ట్రీ అథారిటీ ఏర్పాటైంది. అక్కడ లైసెన్సు లేకుండా పబ్ గుమ్మం దగ్గర ఆ ఉద్యోగం చేయడమే నేరం. మూడేళ్లకోసారి లైసెన్సు కొత్తది తీసుకోవాలి, బ్యాడ్జి పైకి కనిపించాలి. 2021 నుంచి ఫస్ట్ ఎయిడ్ నేర్చుకోనిదే శిక్షణలో చేర్చుకోవడం లేదు. అక్కడ శనివారం రాత్రులు ప్రశాంతమైపోయాయని ఎవరూ అనరు. కానీ కొట్టినవాడెవడో, వాణ్ని పెట్టుకున్నదెవరో తెలుసుకోవడానికి నంబరైనా ఉంది.

జనం ఉన్న చోట వాకిలి తప్పుగా నడిపితే ఏమవుతుందో తిరుపతికి వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. 2025 జనవరి 8 రాత్రి బైరాగిపట్టెడలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చినవారిలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. అది భక్తుల క్యూ, ఇది మందుబాబుల గుంపు, పోలికేంటని కోపం రావచ్చు. గేటు ముందు ఒత్తిడికి మాత్రం భక్తి, మత్తు తేడా తెలియదు. అంతకు నెల ముందు హైదరాబాద్‌లో ఒక సినిమా ప్రీమియర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది. ఆ తర్వాత అక్కడి పోలీస్ కమిషనర్ బౌన్సర్లను, వాళ్లను పంపే ఏజెన్సీలను బహిరంగంగానే హెచ్చరించారు. ముంబై కమలా మిల్స్ అగ్నిప్రమాదంలో 2017 డిసెంబరులో 14 మంది, గోవా ఆర్పోరా నైట్‌క్లబ్‌లో 2025 డిసెంబరులో 25 మంది ప్రాణాలు కోల్పోయారు. మంటలొచ్చినప్పుడు లోపల ఎంతమంది ఉన్నారో, వెనక తలుపు తెరుచుకుంటుందో లేదో మొదట తెలియాల్సింది గుమ్మం దగ్గరివాడికే. మన బార్లలో ఎంతమంది గుమ్మాల దగ్గరివాళ్లకు ఆ లెక్క తెలుసు?

ఇంత చర్చ ఎందుకు, పుణ్యక్షేత్రంలో బార్లే మూసేయండి అనే మాట బలంగా ఉంది. ఆ మాటలో నిజాయితీ ఉంది, దాన్ని మేము తక్కువ చేయం. కొండ మీద మద్యం చుక్క ఉండకూడదన్న నియమాన్ని అలిపిరి తనిఖీ కేంద్రం ఏ బండినీ వదలకుండా అమలు చేస్తోంది కూడా. కొండ కింద కథ వేరు. 1995లో రాష్ట్రమంతా మద్యనిషేధం పెట్టి 1997లో సడలించారు. తర్వాత ఒక ప్రభుత్వం దుకాణాలను తన చేతుల్లోకి తీసుకుంది, ఇంకొకటి 2024 అక్టోబరు నుంచి మళ్లీ ప్రైవేటుకిచ్చింది. అమ్మేదెవరు, ఆదాయం ఎవరికి అన్న దాని మీదే ఇన్నేళ్లూ వాదన నడిచింది. తాగినవాడు ఇంటికి ఎలా చేరాలన్నది ఏ పాలసీలోనూ పెద్ద అక్షరాల్లో రాయలేదు. నిషేధం వచ్చే రోజు వస్తే రానీ, లైసెన్సు ఫీజు తీసుకుంటున్నంత కాలం ఈ ప్రశ్న తప్పించుకోలేనిది.

ఇంకొందరు దీన్నంతా సంస్కృతి మీదికి నెడతారు. ఈ ఊరు అంత సున్నితమైనదేం కాదు. ఏటా మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకు మగవాళ్లు చీర కట్టుకుని వీధుల్లో తిరుగుతారు, వేషం కట్టి బూతులు తిడతారు, ఊరంతా నవ్వుతూ భరిస్తుంది. కానీ ఆ తిట్లకు చాటింపు ఉంది, ఏ రోజు ఏ వేషమో లెక్క ఉంది, ఎప్పుడు ఆపాలో చెప్పే పెద్దలున్నారు. వీకెండ్ రాత్రులకు అలాంటి పెద్ద దిక్కు లేదు.

పోలీసులు బ్రీత్ అనలైజర్లతో కూడళ్లలో నిలబడుతున్నారు, మంచిదే. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద మొదటిసారి దొరికితే 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. రోడ్డు మీద తాగి రచ్చ చేసేవాడికి భారతీయ న్యాయ సంహిత 355వ సెక్షన్ 24 గంటల దాకా జైలు, లేదా 1,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ, కాదంటే సమాజ సేవ అంటోంది. జరిమానా కట్టి కాలరెగరేసుకుని పోయేవాడికి ఆ సమాజ సేవే సరైన మందు. తన వల్ల పగిలిన గాజు పెంకులు ఆదివారం పొద్దున తనే ఏరితే ఫ్రెండ్స్ ముందు చెప్పుకునే కథ మారుతుంది. అయితే వీటన్నిటిలోనూ పట్టుబడుతున్నది తాగినవాడే. పోసినవాడి దాకా తీగ లాగినట్టు కనపడదు.

అందుకే మా డిమాండ్ పెద్దదేమీ కాదు. బార్ లైసెన్సు ఇచ్చేటప్పుడు, రెన్యువల్ చేసేటప్పుడు గుమ్మం దగ్గర నిలబడే ప్రతి మనిషి పేరు, ఫొటో, శిక్షణ కాగితం ఎక్సైజ్ శాఖ అడగాలి. ఏజెన్సీ మనిషైనా, నేరుగా పెట్టుకున్నవాడైనా తేడా చూడకూడదు. నంబరున్న బ్యాడ్జి ఛాతీ మీద కనిపించాలి. గుమ్మం ముందు రోడ్డు కూడా పడేలా కెమెరా ఉండాలి, ఆ రికార్డు అడిగిన రోజే ఇవ్వాలి. బయటికి పంపిన ప్రతిసారీ ఎందుకు పంపారో, ఎలా వెళ్లారో ఒక రిజిస్టరులో రాయాలి. మళ్లీ మళ్లీ ఒకే బార్ ముందు తలలు పగులుతుంటే ‘బయట జరిగింది’ అన్న జవాబు లైసెన్సు కాపాడకూడదు. గొడవ కాకముందే 112కు ఫోన్ చేసిన బార్‌ను మాత్రం పోలీసులు వేధించకూడదు. ఫోన్ చేస్తే తన మీదే కేసు రాస్తారన్న భయంతోనే చాలామంది తలుపేసుకుని కూర్చుంటున్నారు.

వీటిలో దేనికీ కొత్త చట్టం అక్కర్లేదు. జిల్లా ఎస్పీ, ఎక్సైజ్ అధికారి, నగరపాలక కమిషనర్ ఒక గదిలో కూర్చుంటే చాలు. ఏటా డిసెంబరు చివర్లో బార్ యజమానులను పిలిచి న్యూ ఇయర్ జాగ్రత్తలు చెప్పడం ఎలాగూ ఉన్నదే. ఈసారి ఆ సమావేశానికి యజమానులతో పాటు గుమ్మం దగ్గరి కుర్రాళ్లను కూడా పిలవండి. ముందు వరుసలో వాళ్లనే కూర్చోబెట్టి, రాత్రి పన్నెండు తర్వాత ఏం జరుగుతుందో వాళ్లనే చెప్పమనండి.