చలిగాలుల జాడ ధ్రువం దగ్గరే వెతకాలి

(వాదాంశం: శీతాకాలంలో విరుచుకుపడే తీవ్రమైన చలికి మూలం ఉత్తర ధ్రువం మీది వాయుపీడనమేనా? శారద అవునంటారు, మూర్తి కాదంటారు.)

మూర్తి: ఎక్కడ మంచు తుఫాను వచ్చినా ‘ఆర్కిటిక్ ఆసిలేషన్ నెగెటివ్‌లోకి వెళ్లింది, అందుకే’ అనేస్తున్నారు, శారదగారూ. ఆ సూచీ ఏమిటి? ధ్రువ ప్రాంతంలో పీడనం ఎలా ఉంది, దానికి దక్షిణాన ఎలా ఉంది అని చూసి చెప్పే అంకె. అంటే జరుగుతున్నదాని వర్ణన. జ్వరం ఎందుకొచ్చిందంటే థర్మామీటర్ 103 చూపించింది కాబట్టి అన్నట్టుంది.

శారద: అంకె కారణం కాదు, ఒప్పుకుంటాను. దాని వెనక ఉన్నది కారణం. ధ్రువం మీద పీడనం తక్కువగా, మధ్య అక్షాంశాల్లో ఎక్కువగా ఉన్నంతకాలం పడమటి గాలులు జోరుగా తిరుగుతూ చలిని ధ్రువం దగ్గరే ఆపుతాయి. ధ్రువం మీద పీడనం పెరిగితే, అంటే సూచీ నెగెటివ్‌లోకి పడితే, ఆ తేడా తగ్గి, జెట్ స్ట్రీమ్ అనే ఎత్తైన గాలి ప్రవాహం నీరసించి వంకర్లు తిరుగుతుంది. ఆ వంకల్లోంచే చలి దిగుతుంది. 2010 ఫిబ్రవరి చూడండి. 1950 నుంచి ఉన్న నెలవారీ లెక్కల్లో సూచీ అంత లోతుకు ఎప్పుడూ పడలేదు. ఆ నెలలోనే వాషింగ్టన్ మంచులో కూరుకుపోయింది.

మూర్తి: ఆ నెలలోనే వాంకూవర్‌లో శీతాకాల ఒలింపిక్స్‌కి మంచు చాలక లారీల్లో, హెలికాప్టర్లలో మోసుకొచ్చారు. అది ఎల్ నినో ఏడాది, అంటే పసిఫిక్ సముద్రం నడిమి భాగం మామూలు కంటే వేడెక్కిన ఏడాది. చలి ఒక్కటే ఉంటే మంచు కురవదు, తేమ కావాలి. తుఫాన్లకు బలమిచ్చిన పసిఫిక్‌ను మీరు లెక్కలోకే తీసుకోవడం లేదు.

శారద: పసిఫిక్ పాత్ర కాదనను. కానీ ఆ తేమ వానగా పడకుండా మంచుగా పడిందే, ఆ చలి ఎక్కడిది?

మూర్తి: సరే. కానీ పీడనం ఎందుకు మారిందో చెప్పనంతవరకు మీ వాదన సగమే.

శారద: చెబుతాను. అసలు విషయం అక్కడే ఉంది. ధ్రువం పైన స్ట్రాటోస్పియర్‌లో, అంటే మేఘాలకు పైనుండే గాలిపొరలో, శీతాకాలమంతా ఒక పెద్ద గాలి సుడి తిరుగుతూ ఉంటుంది. కింది నుంచి ఎగబాకే పెద్ద అలలు తగిలి అది ఒక్కోసారి కుదేలవుతుంది. అప్పుడు అక్కడి గాలి కొద్దిరోజుల్లోనే 50 డిగ్రీల దాకా వేడెక్కవచ్చు. దీన్ని మొదట 1952లో బెర్లిన్‌లో రిచర్డ్ షెర్‌హాగ్ అనే వాతావరణ శాస్త్రవేత్త గమనించాడు. ఆ కుదుపు ప్రభావం మెల్లగా కిందికి దిగి ధ్రువం దగ్గర పీడనాన్ని పెంచుతుందని, వారాల తరబడి నిలుస్తుందని 2001లో బాల్డ్విన్, డంకర్టన్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. 2018నే తీసుకోండి. ఫిబ్రవరి 12న, సుమారు 30 కిలోమీటర్ల ఎత్తున, పడమటి గాలులు తిరగబడి తూర్పు నుంచి వీచాయి. రెండు వారాలకు రోమ్‌లో మంచు కురిసింది. అదే సమయంలో గ్రీన్‌లాండ్ ఉత్తర కొసన, కేప్ మారిస్ జెసప్‌లో, సూర్యుడే కనిపించని రోజుల్లో ఉష్ణోగ్రత సున్నా దాటింది. చలి కొత్తగా పుట్టలేదు మూర్తిగారూ, చోటు మారింది. ఫలానా ఊళ్లో మంచు పడుతుందని నేను అనడం లేదు. ముప్పు పెరిగిందని రెండు వారాల ముందే తెలిసిందంటున్నాను. ఇంతకంటే ఏం కావాలి?

మూర్తి: మీకు కలిసొచ్చిన ఏడాది చెప్పారు. 2019 జనవరి మొదట్లోనూ సుడి చెదిరింది, కానీ దాని ప్రభావం కిందికి సరిగా దిగలేదు. నెలాఖరుకు షికాగోలో మైనస్ 30 వచ్చింది, సూచీ మాత్రం పెద్దగా పడలేదు. 2014 జనవరిలో అమెరికా గడ్డకట్టినప్పుడు పైన అలాంటి కుదుపే లేదు. ఇలా తప్పే దాన్ని నమ్మి హెచ్చరిక ఇస్తారా?

శారద: 2019 మాట నిజమే, దానికి నా దగ్గర సులువైన జవాబు లేదు. ప్రతి కుదుపూ కిందికి దిగదు. చాలావరకు దిగుతాయి. రెండో వైపు కూడా చూడండి. 2020 ఫిబ్రవరిలో సుడి గట్టిగా ఉంది, సూచీ రికార్డు ఎత్తుకు చేరింది. ఆ శీతాకాలం యూరప్, రష్యాల్లో చలి పెద్దగా తెలియలేదు. రెండు వైపులా పనిచేసే సంబంధాన్ని యాదృచ్ఛికం అనలేం.

మూర్తి: టెక్సస్ సంగతేంటి మరి? 2021 జనవరి 5న పైన కుదుపు, ఫిబ్రవరి రెండో వారంలో సూచీ పాతాళానికి, 16న డల్లాస్‌లో మైనస్ 19. అన్నీ మీరు చెప్పినట్టే జరిగాయి. అయినా 45 లక్షల ఇళ్లకు కరెంటు పోయింది, 246 మంది చనిపోయారని రాష్ట్ర ప్రభుత్వమే చెప్పింది. కరెంటు ప్లాంట్లకు గ్యాస్ అందించే బావుల దగ్గర పరికరాలు చలికి బిగుసుకుపోయాయి. 2011 చలికే అక్కడ ప్లాంట్లు ఆగిపోతే, వాటికి చలి రక్షణ పెట్టమని నివేదికలు రాశారు. పెట్టలేదు. చంపింది ధ్రువం కాదండీ, ఆ నిర్లక్ష్యం.

శారద: నిర్లక్ష్యమేనని నేనూ అంటాను! కానీ దాన్ని చూపించి ధ్రువాన్ని పక్కన పెడతారేం?

మూర్తి: పదేళ్ల ముందు చెప్పినా కదలనివాళ్లు, మీరు రెండు వారాల ముందు ‘అవకాశం ఎక్కువ’ అంటే కదులుతారా? ఆ బావులన్నిటికీ రక్షణ ఏర్పాట్లు రెండు వారాల్లో అవుతాయా?

శారద: కావు. ఆసుపత్రి జనరేటర్లకు డీజిల్ నింపడం అవుతుంది. ఇంట్లో ఆక్సిజన్ మెషీన్ మీద బతికేవాళ్ల జాబితా తీసి, కరెంటు ఉండే చోటికి చేర్చడం అవుతుంది. బొగ్గుల కుంపటి ఇంట్లో పెట్టుకోవద్దని, కారును గరాజ్‌లో ఆన్ చేసి కూర్చోవద్దని ఇంటింటికీ చెప్పడం అవుతుంది. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ విషవాయువుకూ టెక్సస్‌లో మనుషులు పోయారు, మూర్తిగారూ.