మైకు ఊరి చేతికి ఎప్పుడిస్తారు?

నిన్న సాయంత్రం నుంచి ఒళ్లు మండిపోతోంది. కనిపించిన ప్రతివాళ్లకీ ఇదే చెబుతున్నాను, మా ఇంట్లోవాళ్లు వినలేక అవతలికి వెళ్లిపోతున్నారు, అందుకని ఇక్కడ రాస్తున్నాను. విజయనగరం వాళ్లందరూ చదవండి. మీలో చాలామంది ఇలాంటి సభల్లో కూర్చుని లేచి వచ్చినవాళ్లే కాబట్టి నాకు సాక్ష్యాలు చూపించాల్సిన పని లేదు.

మన పట్టణ సమస్యల మీద బహిరంగ చర్చ, పురప్రజలందరూ ఆహ్వానితులే అని కార్డు వేశారు. సాయంత్రం ఐదు గంటలకని వేశారు. ఐదుకి వెళ్లినవాళ్లం వెనక ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. ముందు రెండు వరసలూ సోఫాలు, వాటికి వీఐపీ అని కాగితాలు అంటించి ఉన్నాయి. ముఖ్య అతిథి వచ్చేసరికి ఏడు దాటింది. ఆ రెండు గంటలూ మమ్మల్ని లేవనివ్వకుండా ఒకాయన మైకు పట్టుకుని రాబోయే అతిథి ఎంత గొప్పవారో చెబుతూనే ఉన్నాడు. తర్వాత జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన, ఒక్కొక్కరినీ పేరూ హోదాతో వేదిక మీదికి పిలవడం, బొకే, శాలువా, మెమెంటో, ఫోటో. ఒక పెద్దాయనకి ఫోటో సరిగ్గా పడలేదని కప్పిన శాలువా తీసి మళ్లీ కప్పారు! అందరం చూస్తూ కూర్చున్నాం. నా పక్కన దాసన్నపేట నుంచి వచ్చిన ఒక ముసలమ్మ, వాళ్ల వీధిలో కాలువ గురించి అడుగుదామని వచ్చిందట, మెల్లిగా నన్ను అడిగింది: "ఏటమ్మా, మనకి మైకు ఇస్తారేటి?" ఇస్తారమ్మా, చివర్లో అన్నాను. చర్చ అని కార్డు మీద ఉంది కదా మరి.

చివరికి తొమ్మిదవుతుండగా ఒక అమ్మాయి లేచింది. డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది, హాస్టల్లో ఉంటోంది, గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతోంది. చేతిలో కాగితం ఉంది, అడగాల్సింది ముందే రాసుకుని వచ్చింది. రీడింగ్ రూం ఇంకో రెండు గంటలు తెరిచి ఉంచగలరా, అక్కడి నుంచి హాస్టల్ దాకా వీధిదీపాలు వెలగడం లేదు, ఏడు దాటితే మేం నడవలేకపోతున్నాం, అది ఎవరికి చెప్పాలి. ఇంతే. రెండో వాక్యం పూర్తవకుండానే వేదిక మీంచి ఒకరు, "టైం అయిపోయిందమ్మా, రాసి ఇచ్చేయ్, చూస్తారు" అన్నారు. ఆ పిల్ల ముఖం ఎర్రబడింది, అయినా వెళ్లి కాగితం ఇచ్చింది. వాళ్లు తీసుకుని టేబుల్ మీద పెట్టారు. వెంటనే వందన సమర్పణ మొదలైంది, అది ఇరవై నిమిషాలు సాగింది. సౌండ్ సిస్టం అబ్బాయి దగ్గర నుంచి టెంట్ హౌస్ వరకు అందరికీ కృతజ్ఞతలు చెప్పారు. అందరూ వెళ్లిపోయాక నేను వేదిక దగ్గరికి వెళ్లి చూశాను. ఆ కాగితం బొకేల కింద అలాగే ఉంది, సగం తడిసిపోయి ఉంది.

బయటికొచ్చాక ముసలమ్మ అడిగిన మాట చెప్పకుండా ఉండలేను. "ఆ గుంట ఏటడిగీసిందని అలాగ కూకోబెట్టీసినారు?" నా దగ్గర జవాబు లేదు. ఆవిడ కాలువ సంగతి అసలు బయటికే రాలేదు.

పొద్దున్న లేచేసరికి వాట్సాప్ గ్రూపులో ఫోటోలు. సభ విజయవంతం. జిల్లా పేజీలో వార్త కూడా వచ్చింది, ఎవరెవరు వేదిక మీద కూర్చున్నారో పేర్లన్నీ ఉన్నాయి. వాళ్లు ఏం నిర్ణయించారో ఒక్క ముక్క లేదు, నిర్ణయిస్తే కదా రాయడానికి. గ్రూపులో నేను ఆ అమ్మాయి ప్రశ్న గురించి అడిగితే ఒకాయన వెంటనే, "పెద్దల్ని గౌరవించుకోవడం కూడా తప్పేనా మేడం?" అన్నారు. తప్పని ఎవరన్నారు సార్? గౌరవించుకోండి, దానికి వేరే సభ పెట్టుకోండి, సన్మాన సభ అని కార్డు వేయండి, ఇష్టమున్నవాళ్లం వస్తాం, చప్పట్లు కొడతాం. చర్చ అని పిలిచి మా ఊరి సాయంత్రాన్ని మా చేతుల్లోంచి లాక్కుని శాలువాలకి ఖర్చు పెట్టొద్దు. అసలు ఈ శాలువాలు ఏమవుతున్నాయో ఎవరైనా ఆలోచించారా? ఎవరూ కప్పుకోరు. అవే శాలువాలు బీరువాల్లోంచి తీసి మళ్లీ ఇంకో సభలో ఇంకొకరికి కప్పుతున్నారు. ఆ డబ్బుతో ఆ దారిలో నాలుగు దీపాలు వెలిగేవి.

ఇది ఏ ఊరనుకుంటున్నారు వీళ్లు? విద్యలనగరం అని మనమే చెప్పుకుంటాం, ప్రతి ఉపన్యాసంలో మొదటి వాక్యం అదే. మహారాజా కళాశాల ఉన్న ఊరు, 1919లో సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసు గారిని మొదటి ప్రిన్సిపాల్‌గా కూర్చోబెట్టిన ఊరు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ చెప్పిన ఊరు. ఘంటసాల గారు ఇక్కడ చదువుకుంటున్న రోజుల్లో జోలె పట్టి మధుకరం చేసుకుని తిన్నారు, ఊళ్లో ఇల్లిల్లూ ఆ కుర్రాడికి ఇంత అన్నం పెట్టింది. అతనెవరో, ఎవరి తాలూకో, రేపు ఏమవుతాడో ఎవరూ అడగలేదు. చదువుకోడానికి వచ్చిన పిల్లాడు, అంతే. అదే ఊళ్లో ఇవాళ చదువుకోడానికి వచ్చిన ఆడపిల్ల ఒక దీపం అడిగితే రాసి ఇచ్చేయమంటున్నారు.

నిన్న వేదిక మీద నలుగురు గురజాడ పేరు ఎత్తారు. ఆయన పేరు ఎత్తకుండా మన ఊళ్లో మైకు పట్టుకునేవాళ్లు ఎవరూ లేరు. కానీ ఆయన పని ఎలా చేశారో తెలుసా వీళ్లకి? కన్యాశుల్కం మొదట ఆడింది 1892లో, మన ఊళ్లోనే. దాని వెనక ఒక లెక్క ఉంది. ఆనందగజపతి మహారాజు విశాఖపట్నం జిల్లాలో ఒక భాగం ఎంచుకుని అక్కడ బ్రాహ్మణ ఇళ్లలో డబ్బు తీసుకుని చేసిన పెళ్లిళ్ల జాబితా తీయించారు. మూడేళ్లలో 1,034 పెళ్లిళ్లు. పెళ్లికూతుళ్లలో ఐదేళ్ల పిల్లలు 99 మంది. నాలుగేళ్ల వాళ్లు 44 మంది. ఏడాది పిల్లలు ముగ్గురు! గురజాడ ఈ అంకెలు పుస్తకం ముందుమాటలోనే రాశారు. అంటే ఇళ్లకి వెళ్లి అడిగారు, లెక్క రాసుకున్నారు, ఆ తర్వాతే మాట్లాడారు. ఇవాళ మన ఊళ్లో వెలగని వీధిదీపాలు ఎన్నో నిన్నటి వేదిక మీద ఒక్కరికైనా తెలుసా? తెలుసుకోవాలని అయినా ఉందా? వచ్చే సెప్టెంబర్ 21కి, ఆయన పుట్టినరోజుకి, మళ్లీ దండలు పట్టుకుని వస్తారు.

పల్లెల్లో నయం. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామసభ ఏడాదికి కనీసం రెండుసార్లు పెట్టి తీరాలి, అది మొక్కుబడిగా జరిగినా సరే, ఊళ్లో మనిషి లేచి నా పెన్షన్ ఏమైంది అని అడగడానికి చట్టంలో ఒక చోటు ఉంది. పట్టణంలో మనకి అలాంటి సభ జరగడం నేను చూడలేదు. వార్డు కమిటీలు తప్పనిసరి అని రాజ్యాంగం చెప్పింది మూడు లక్షల జనాభా, ఆ పైన ఉన్న పట్టణాలకే. మన ఊరు 2011 లెక్కల్లో 2.28 లక్షలు. 1888లో మున్సిపాలిటీ అయిన ఊరు, ఈ రోజుకీ మామూలు మనిషి లేచి మాట్లాడే సభ ఒకటి నాకు కనిపించదు. అందుకే ఇలాంటి ప్రైవేటు సభలు మనకి ముఖ్యం, అందుకే ఎవరైనా చర్చ అని పిలిస్తే పని మానుకుని పరిగెత్తుకెళ్తున్నాం. దాన్నీ వీళ్లు ఫోటోల కోసం వాడేసుకుంటే ఇంక ఎక్కడికి వెళ్లాలి?

నాకు అసలు కోపం నిన్నటిది కాదేమో, 2020 నాటిది. మే నెల, లాక్‌డౌన్, జనం ఇళ్లలోంచి బయటికి రావడానికే భయపడుతున్న రోజులు. అప్పుడు మూడు లాంతర్ల స్తంభం పడగొట్టేశారు. దాదాపు 150 ఏళ్లు ఆ జంక్షన్‌లో నిలబడ్డ స్తంభం. సుందరీకరణ అన్నారు. ఊళ్లో ఒక్కరినైనా అడిగారా? కూలిపోయాక ఫోటోలు చూసి తెలుసుకున్నాం. ఆ జంక్షన్ మీదుగా స్కూలుకి వెళ్లినవాళ్లం, అమ్మ చెయ్యి పట్టుకుని పైడితల్లి గుడికి వెళ్లినవాళ్లం, "మూడు లాంతర్ల దగ్గర దింపు" అని రిక్షావాళ్లకి చెప్పినవాళ్లం. ఆ ఊరివాళ్లకి ఒక్క సభ పెట్టి ఇది తీసేద్దామనుకుంటున్నాం, మీరేమంటారు అని అడగలేదు. గొడవ అయ్యాక కొత్తది కడతాం అన్నారు. కొత్తది ఎంత అందంగా కట్టినా అది అది కాదు. అప్పుడు నేను ఫోన్ చేసిన ఒక పెద్దమనిషి, పేరు చెప్పను, "పాత స్తంభమే కదమ్మా" అన్నారు. ఆ మాట నేను మర్చిపోలేదు. నిన్న ఆయన వేదిక మీద ఉన్నారు. వారసత్వ సంపద పరిరక్షణ మీద మాట్లాడారు.

అందుకే చెబుతున్నాను, ఊరిని అడగకపోవడం అనే ఈ జబ్బు చిన్నది కాదు. ఆ అమ్మాయి నోరు మూయించిన అలవాటే ఆ స్తంభాన్నీ కూల్చింది.

మనకి సభ నడపడం చేతకాకనా? మన పైడితల్లి అమ్మవారి జాతర, సిరిమానోత్సవం చూడండి. విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం, లక్షల మంది, ఒక్కరికీ ఆహ్వాన పత్రిక ఉండదు. పూజారి కూర్చుని ఊరేగే ఆ పొడవాటి మాను, సిరిమాను, దాని ముందు పాలధార, జాలరి వల, అంజలి రథం, తెల్ల ఏనుగు, ఒక్కో దానికీ ఒక్కో వాడకట్టు, ఒక్కో కులంవాళ్ల వంతు ఉంటుంది. వలకి వాళ్లే రావాలి, వాళ్లు లేకపోతే సిరిమాను కదలదు. గుడి దగ్గర నుంచి కోట దాకా మూడుసార్లు తిరిగి వచ్చేదాకా డాబాల మీద, గోడల మీద, చెట్ల మీద మనమే. ఎవరి పని వాళ్లకి తెలుసు. ఈమధ్య అక్కడా పాసులు, ప్రత్యేక గేట్లు మొదలయ్యాయి, దాని గురించి ఇంకో రోజు రాస్తాను, ఇప్పుడు మొదలుపెడితే తెల్లారిపోతుంది.

సభలు పెట్టేవాళ్లకి నేను అడిగేది పెద్ద విషయమేమీ కాదు. మొదటి గంట ఊరివాళ్లకి ఇవ్వండి. వేదిక మీదివాళ్లు కింద కూర్చుని వినండి, రాసుకోండి. అడిగిన ప్రతి ప్రశ్నకీ ఎవరు, ఎప్పటిలోగా జవాబు చెబుతారో అదే మైకులో చెప్పండి. ఆ తర్వాత మీ బొకేలు మీరు ఇచ్చుకోండి, మేం అడ్డు రాం. ముఖ్య అతిథి ఆలస్యమైతే ఆయన లేకుండానే మొదలుపెట్టండి. ఆయన వచ్చి వెనక కుర్చీలో కూర్చుంటారు, నష్టమేమీ లేదు.

ఇంక లైబ్రరీ సంగతి. రీడింగ్ రూం ఎక్కువసేపు తెరవడానికి డబ్బులు లేవు అనే మాట నేను చాలాసార్లు విన్నాను. ఇంటిపన్ను కట్టే ప్రతి ఇల్లూ 1960 గ్రంథాలయాల చట్టం కింద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతోంది. మూడు వేలు పన్ను కట్టే ఇంటి నుంచి ఏడాదికి 240 రూపాయలు. మీ రసీదు తీసి చూసుకోండి, ఉంటుంది. ఆ డబ్బు మనది, పుస్తకాల కోసం, రీడింగ్ రూంల కోసం మన దగ్గర వసూలు చేసింది. మన పట్టణం నుంచి ఏటా ఎంత వసూలైంది, అందులో ఎంత గ్రంథాలయ సంస్థకి చేరింది, ఇంకా ఎంత రావాలి, ఈ మూడూ అడుగుతూ సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాశాను. ఫీజు పది రూపాయలు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ దారిలో వెలగని దీపాల గురించి ఇంకో దరఖాస్తు, స్తంభాల నంబర్లతో సహా. ఆ అమ్మాయి, ఆమె స్నేహితులూ నిన్న రాత్రే నంబర్లు రాసి నాకు పంపించారు. దాసన్నపేట కాలువ కూడా అందులో చేర్చాను.

సోమవారం ఇస్తున్నాను. మీ వీధిలో ఏదైనా ఉంటే స్తంభం నంబరు, వీధి పేరు రాసి ఇక్కడ కామెంట్‌లో పెట్టండి. ఇంటిపన్ను రసీదు ఫోటో ఉన్నవాళ్లు నాకు మెసేజ్‌లో పంపండి, నంబర్లు దాచేసి పంపండి. జవాబు వచ్చాక, మంచిదైనా చెడ్డదైనా, మొత్తం ఇక్కడే పెడతాను.