పది మంది లోపు పనివాళ్లుంటే చట్టం లేదట!

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్ వైపు వ్యాపారుల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులోని మాటలు క్లుప్తంగా ఇవి: పది మంది కంటే తక్కువ పనివాళ్లుంటే కార్మిక చట్టాలేవీ వర్తించవు. పాత కార్మిక చట్టాలను కలిపి చేసిన కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాక చిన్న వ్యాపారికి పూర్తి స్వేచ్ఛ. ‘ఏం జరిగినా నాదే బాధ్యత’ అని పనివాడి చేత సంతకం పెట్టించుకోండి. మేస్త్రీ తెచ్చిన కూలీలకు మేస్త్రీయే జవాబుదారీ. పనివాడు తన తప్పు వల్ల దెబ్బ తగిలించుకుంటే పైసా ఇవ్వక్కర్లేదు. అంతగా భయమైతే తలా ఇరవై రూపాయల బీమా చేయించండి.

నేను ఇక్కడి చిన్న మిల్లులకీ, జీడిపిక్కల షెడ్లకీ లెక్కలు రాస్తుంటాను. షావుకార్లు ఫోన్ నా ముందు పెట్టి “ఏటి బాబూ, నిజమేనా?” అని అడుగుతున్నారు. విడివిడిగా చెప్పే కన్నా రాసేయడం నయం.

ఆ పది అనే అంకె ఊరికే పుట్టింది కాదు. ఈఎస్ఐకి పది మంది ఉండాలి, గ్రాట్యుటీకి పది, పీఎఫ్‌కి ఇరవై. వృత్తి భద్రత కోడ్ కూడా మామూలుగా పది మంది నుంచే మొదలవుతుంది. కరెంటుతో నడిచే షెడ్డు ‘ఫ్యాక్టరీ’ లెక్కలోకి రావాలంటే ఇరవై మంది కావాలి, కరెంటు లేకపోతే నలభై. ఒడిశా ప్రభుత్వం 2025లో షాపుల చట్టాన్ని కూడా ఇరవై మంది, ఆపైన ఉన్నవాటికే పరిమితం చేసింది. ఇంతవరకు నిజమే. కానీ ఒక్కో చట్టానికి ఒక్కో అంకె ఉంది, కొన్నిటికి అసలు అంకే లేదు. మెసేజ్ రాసినాయన ఒక్క పది పట్టుకుని అన్నిటికీ అంటించేశాడు. లెక్కపెట్టడంలో మనవాళ్ల తెలివి సరేసరి. పుస్తకంలో ఎనిమిది పేర్లుంటాయి, షెడ్డులోకి వెళ్తే పద్నాలుగు మంది కనిపిస్తారు. గ్రాట్యుటీ విషయంలో ఇంకో సంగతి కూడా ఉంది: ఒకసారి పదికి చేరాక, తర్వాత తొమ్మిదికి దిగినా అది వదలదు.

కనీస వేతనానికి అంకె లేదు. ఒక్కడే పనివాడున్నా ఇవ్వాలి. 1948 నాటి చట్టం కొన్ని పనుల జాబితాకే వర్తించేది. బియ్యం మిల్లు, పిండి మిల్లు, పప్పు మిల్లు మొదటినుంచీ ఆ జాబితాలో ఉన్నవే. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ఆ జాబితాతో పని లేకుండా పనివాళ్లందరికీ వర్తింపజేసింది. స్వేచ్ఛ వచ్చిందని మెసేజ్ అంటున్నది సరిగ్గా ఈ కోడ్‌ల గురించే! తక్కువ ఇస్తే 50,000 రూపాయల దాకా జరిమానా. ఒడిశాలో 2024లో నైపుణ్యం అక్కర్లేని పనికి రోజుకు 450 రూపాయలు చేశారు, దాని మీద కరువు భత్యం కలుస్తూ ఉంటుంది. మన గ్రూపుల్లోకి వచ్చే రేట్ల పట్టికలు ఎక్కువగా ఆంధ్రావి. పాతపట్నంలో చెల్లే రేటు పర్లాకిమిడిలో చెల్లదు.

పిల్లల పని మీద నిషేధానికీ సంఖ్యతో పని లేదు. పద్నాలుగేళ్ల లోపు వాళ్లను పెట్టుకోకూడదు, ప్రమాదకరమైన పనుల్లో పద్దెనిమిది లోపు కూడా కుదరదు. షావుకారి సొంత పిల్లాడు బడి అయ్యాక గల్లాలో కూర్చోవచ్చు, పనివాడి పిల్లాణ్ణి కూర్చోబెట్టకూడదు. ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్‌కు చూసేది దాని సైజు, ప్రెషర్. అక్కడ ఎంతమంది పనిచేస్తున్నారని ఎవరూ అడగరు. ఆడవాళ్ల మీద వేధింపుల విషయంలో, పది మంది లోపు ఉన్న చోట ఫిర్యాదు జిల్లా స్థాయిలోని లోకల్ కమిటీకి వెళ్తుంది. పది మంది లేని చోట్లను కూడా దృష్టిలో పెట్టుకునే ఆ ఏర్పాటు చేశారు.

అసలు కొంప ముంచేది ప్రమాద పరిహారం. 1923 నాటి చట్టం ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌లో కలిసింది. కరెంటుతో మిషన్ నడిపి సరుకు తయారుచేసే చోటైనా, గోడౌన్లో బస్తాలు మోసే పనైనా, సంఖ్య చూడకుండా వర్తిస్తుంది. నెలకు 12,000 జీతం ఉన్న ముప్పై ఏళ్ల మనిషి చనిపోతే, జీతంలో సగాన్ని, చట్టంలోని పట్టికలో ఆ వయసుకు రాసిన 207.98తో హెచ్చించాలి. 12,47,880 రూపాయలు వస్తుంది. అదే మనిషికి చేతి బొటనవేలు తెగిపోతే సంపాదన శక్తిలో 30 శాతం పోయినట్టు లెక్క. ఇలాంటి వైకల్యానికి జీతంలో సగం బదులు 60 శాతం పట్టి లెక్కిస్తారు కాబట్టి దాదాపు నాలుగున్నర లక్షలు. నెలలోగా కట్టకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకపోతే ఆ పైన సగం వరకు పెనాల్టీ.

‘తన తప్పు’ అన్న మాటకు చట్టంలో చోటు చాలా చిన్నది. తాగి ఉండటం, భద్రత కోసం పెట్టిన రూలును కావాలనే ధిక్కరించడం, రక్షణ సామగ్రిని కావాలనే తీసేయడం, ఈ మూడే. ఒట్టి అజాగ్రత్త అందులో లేదు. మనిషి చనిపోయినా, పూర్తిగా పనికి పనికిరాకుండా పోయినా ఈ మూడూ కూడా చెల్లవు. మన మిల్లుల్లో బెల్టు గార్డు, అంటే మిషన్ బెల్టులో చెయ్యి పడకుండా పెట్టే మూత, ఎక్కడుంటుందో అందరికీ తెలుసు. బెల్టు జారినప్పుడల్లా విప్పి బిగించడం ఆలస్యమని తీసి గోడకు ఆనిస్తారు, దాని మీద తువ్వాళ్లు ఆరేస్తారు. అలా తీయమన్నది షావుకారే అయినప్పుడు, పనివాడు తీశాడని రేపు ఎవరితో చెబుతాడు? జాగ్రత్తల బోర్డు చూస్తే తెలుగులో ఉంటుంది. మిషన్ దగ్గరుండే సవర గిరిజన కుర్రాడు చదివితే ఒడియా చదువుతాడు, లేకపోతే ఏదీ చదవడు.

సంతకం కాగితం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పరిహారం హక్కు వదులుకుంటున్నానని ఎవరు రాసిచ్చినా అది చెల్లదని చట్టమే చెబుతోంది. స్టాంపు పేపరు మీద రాయించినా అంతే.

పెద్దమనుషుల ఒప్పందం దీనికన్నా ప్రమాదం. మనిషి పోయాక ఊరి పెద్దల ఎదుట లక్షో, లక్షన్నరో ఇచ్చి ‘సెటిల్ అయిపోయింది’ అనుకుంటారు. చావు కేసులో పరిహారాన్ని చట్టం చెప్పిన అధికారి దగ్గర డిపాజిట్ చేయాలి, ఇంటివాళ్ల చేతికి ఇచ్చింది పరిహారంగా చెల్లదు. మూడు నెలల జీతం వరకు అడ్వాన్సుగా ఇవ్వొచ్చు, అది మాత్రమే తర్వాత మినహాయిస్తారు. ఏడాది తిరక్కుండా ఆ కుటుంబం కేసు వేస్తే, ఇచ్చిన డబ్బు పోయి అసలు మొత్తం మళ్లీ కట్టాలి. అందులో కుటుంబం చేసిన మోసమేమీ లేదు.

మేస్త్రీ మాటలోనూ సగమే నిజం. కాంట్రాక్టు కూలీల లైసెన్సు గొడవ యాభై మంది, ఆపైన ఉంటేనే. పరిహారం మాత్రం, మీ వ్యాపారంలో భాగమైన పనిలో మీ షెడ్డులో దెబ్బ తగిలితే, మిమ్మల్నే అడగొచ్చు. తర్వాత మీరు మేస్త్రీ దగ్గర రాబట్టుకోవచ్చు. సీజన్ అయ్యాక ఫోన్ ఎత్తని మేస్త్రీ దగ్గర ఎలా రాబడతారో మీకే తెలియాలి.

ఇక ఇరవై రూపాయల బీమా. ప్రధానమంత్రి సురక్షా బీమా మంచిదే, ప్రమాదంలో పోతే ఇంటివాళ్లకు రెండు లక్షలు వస్తాయి. అయితే అది పనివాడి సొంత పాలసీ. మీరు కట్టాల్సిన పన్నెండు లక్షల్లో దానివల్ల ఒక్క రూపాయీ తగ్గదు. మీకు కావలసింది యజమాని పేరు మీద ఉండే ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ పాలసీ, జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలు ఇస్తాయి. అదీ ఆలస్యానికి పడే పెనాల్టీని భరించదు. తీసుకునేటప్పుడు అసలు జీతాలు, అసలు తలల లెక్క రాయించండి. మేస్త్రీ కూలీల సంగతి కూడా ఏజెంటుకు చెప్పి పాలసీలో చేర్పించండి, చెప్పకపోతే వాళ్లు అందులో లేనట్టే.